సఖీ హృదయము – ఈర్ష్య

ఈర్ష్యామానమును మన ఆలంకారికులు నాయకుని యన్యాసక్తి వలన నాయికకు కలుగునదిగా చెప్పిరి. సఖి పనులలో దౌత్యమొకటి. సఖి నాయికనే వలచినచో ఆ యీర్ష్యకు పేరేమని అన్యభాషీయురాలైన నా విద్యార్థిని యొకతె ప్రశ్నించెను. నాకు ఇకెడా రియొకో రచించిన జపాను మాంగా 'ఒనీసామా ఎ' స్ఫురించినది.

1974లో వెలువడిన యీ చిత్రకథ, నానకో యను బాలిక తాను అన్నగా భావించు యువకునకు వ్రాయు లేఖల రూపమున నడచును. ఆమె సహపాఠిని మారికో, నానకోకు వేరొక చెలిమి యుండుటయే సహింపదు. ఇచట ఈర్ష్య వాచ్యము, అనురాగము వ్యంగ్యము.

దీనికి సామాజిక కారణము కలదు. 20వ శతాబ్ది తొలినాళ్ల జపాను బాలికా పాఠశాలలలో ఇట్టి గాఢమైత్రిని, 'సిస్టర్' అను ఆంగ్లపదపు తొలి యక్షరముతో, 'ఎస్' అనిరి. వివాహముతో ముగియునని లోకము దానిని సహించెను. 1916లో యొషియా నొబుకో ఆరంభించిన 'హనా మొనొగతారి' కథలు ఆ భావమునకు సాహిత్యరూప మొసగినవి. బాలికల మాంగా ఆ వారసత్వమును గ్రహించినది. శాశ్వతత్వము నాశింపరాని బంధమున 'నన్ను విడువకు' మని యడుగు హక్కు లేదు. అందుచే చెలి యలుకయే యా విన్నపమగును.

దీనిని కేవల స్నేహమని త్రోసివేయుట ధ్వనిని నిరాకరించుట. ప్రణయమని వెంటనే నిర్ణయించుట దానిని వాచ్యము చేయుట. మన పదములలో దౌత్యము ముగించి తలుపుకడ నిలిచిన సఖిని ఆమె మౌనముతో గూడ చదువవలెనని నా మనవి.