మొద్దుబారిన పళ్ళు

కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్ లేతుల చప్పుడు వింటూ పెరిగానేమో, ఆఫీసులో ఎవరైనా "ప్లగిన్ మార్చేస్తే సరి" అంటే నాకు గని మిషన్లే గుర్తొస్తాయి. సింగరేణిలో బొగ్గు కోసే కంటిన్యూయస్ మైనర్ ఉంది చూడండి, దాని డ్రమ్ము నిండా ఊడదీసి మార్చుకునే పళ్ళే. పిక్కులంటారు. ఒళ్ళంతా ఉక్కు, మొన మాత్రం టంగ్‌స్టన్ కార్బైడు. కోసేటప్పుడు పిక్కు తన గూట్లో తానే తిరుగుతూ చుట్టూ సమానంగా అరుగుతుంది. దుమ్ము పట్టి బిగుసుకుందో, ఒకే పక్క అరిగి మొద్దుబారుతుంది. ఆపైన డ్రమ్ముకి వెల్డింగు చేసిన గూడుకే ఎసరు! అది పోతే మార్చడం అంత తేలిక కాదు మరి.

ఇంకో ప్రమాదమూ ఉంది. మొద్దు పిక్కు ఇసుకరాయిని రాసుకుంటే పుట్టే వేడికి మీథేన్ అంటుకోవచ్చు. అందుకే నీళ్ళు చిమ్ముతూ కోస్తారు, పళ్ళు చూసి మారుస్తారు. పాత లైబ్రరీని "నడుస్తోందిగా" అంటూ మనం లాగించినట్టు అక్కడ లాగిస్తే, పోయేది కింద షిఫ్టులో ఉన్నవాళ్ళ ప్రాణాలు.