సెలవు లెక్క: ఆంగ్ మో కియో

పనివల్ల వచ్చే అలసటలో ఒక రకం రాత్రి నిద్రతో తీరిపోతుంది. ఇంకో రకం ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకున్నా తీరదు. ఈ రెండోదాన్నే బర్న్‌అవుట్ అంటున్నారు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ అనే మనస్తత్వవేత్త, ఉచిత వైద్యశాలల్లో సేవచేసేవాళ్ళను గమనించి దీన్ని గురించి మొదట రాశాడు. 1981లో క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలోని 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆ పట్టిక దీన్ని జబ్బుగా లెక్కించలేదు. పనిచోట చాలాకాలం నిలిచిన ఒత్తిడిని సరిగా అదుపు చేయకపోవడం వల్ల వచ్చే స్థితిగా చెప్పి, మూడు లక్షణాలు పేర్కొంది: ఒంట్లో సత్తువంతా హరించుకుపోయినట్టుండటం, పని మీద విముఖత లేదా వెటకారం పెరగడం, ఎంత చేసినా పని తెమలడం లేదనిపించడం.

జబ్బు కాదు కనుక దీనికి మందు రాసిచ్చేవారు ఉండరు. ముదరకముందే ఉద్యోగి తన చేతులతో తాను చేసుకోగలిగిన పని ఒకటుంది, లీవు పెట్టడం. లీవులు మాత్రం ఏడాదికి లెక్కపెట్టినన్నే ఉంటాయి. వాటిని ఎప్పుడు, ఎలా వాడుకుంటే మనసు కుదుటపడుతుందన్నది సింగపూర్‌లోని ఆంగ్ మో కియో లాంటి ఊళ్ళో ప్రతి ఇంటా తేల్చుకోవలసిన లెక్క.

ఆంగ్ మో కియో సింగపూర్ ద్వీపం మధ్యభాగానికి కాస్త ఉత్తరాన ఉంది. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ 1973లో దీని నిర్మాణం మొదలుపెట్టింది. ఇప్పుడు లక్షన్నరకు పైగా జనం ఉంటున్నారు. పక్కనే పారిశ్రామికవాడలున్నాయి. ఇప్పుడు ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ పేరుతో ఉన్న సంస్థ 1984లోనే ఇక్కడ చిప్‌ల కర్మాగారం తెరిచింది. చిప్‌ల తయారీ రాత్రీపగలూ ఆగదు కనుక అక్కడ పని షిఫ్టుల మీద నడుస్తుంది. 1987 నవంబరు 7న సింగపూర్‌లో తొలి ఎమ్మార్టీ (మెట్రో) రైలు నడిచింది ఈ ఊరి మీదుగానే. అదే లైను తిన్నగా నగరంలోని బ్యాంకుల వీధికి చేరుస్తుంది. అందువల్ల ఈ ఊళ్ళో ఒకే లిఫ్టులో రాత్రి షిఫ్టు దిగి వచ్చే టెక్నీషియనూ, ఉదయం బ్యాంకుకు బయల్దేరే సాఫ్ట్‌వేర్ ఇంజనీరూ ఎదురుపడుతుంటారు. సింగపూర్ తెలుగువాళ్ళలో ఈ రెండు రకాల పనివాళ్ళూ ఉన్నారు. నిర్మాణరంగంలో, ఓడల మరమ్మతు యార్డుల్లో చెమటోడ్చేవాళ్ళూ ఉన్నారు.

వీళ్ళ లీవులకు ఆధారం 1968 నాటి ఉద్యోగ చట్టం. ఉద్యోగంలో చేరి మూడు నెలలు నిండితే లీవుకు అర్హత వస్తుంది. మొదటి ఏడాదికి 7 రోజులు, ఆ తర్వాత ఏడాదికొకటి చొప్పున పెరిగి, ఎనిమిదో ఏట 14 దగ్గర ఆగుతుంది. ఇవి చట్టం విధించిన కనీస సంఖ్యలు. చాలా కంపెనీలు ఒప్పందంలో ఇంతకంటే ఎక్కువే రాస్తాయి. మేనేజర్ల స్థాయిలో ఎక్కువ జీతం తీసుకునేవాళ్ళు చాలాకాలం ఈ చట్టం పరిధిలో లేరు. 2019 ఏప్రిల్ 1న జీతం పరిమితి తీసేశాక వాళ్ళకూ వర్తించింది. వీటికి తోడు ఏడాదికి 11 పండుగ సెలవులున్నాయి. పండుగ ఆదివారం వస్తే మర్నాడు సోమవారం సెలవు. పండుగల జాబితా ముందు ఏడాదే వెలువడుతుంది కాబట్టి, గురువారం పండుగ పక్కన శుక్రవారం లీవు కలిపి నాలుగు రోజులు చేసుకోవడం ఇక్కడి ఉద్యోగులందరికీ తెలిసిన విద్య.

ఒంట్లో బాగోకపోతే సిక్ లీవు వేరుగా ఉంది. ఆరు నెలల సర్వీసు నిండినవారికి ఏడాదికి 14 రోజులు, ఆస్పత్రిలో చేరవలసి వస్తే వాటితో కలిపి 60 రోజులు. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. సింగపూర్‌లో అందరూ దాన్ని ఎమ్‌సీ అనే అంటారు. మనసు బాగోలేదని తీసుకునేందుకు చట్టంలో ప్రత్యేకమైన లీవు లేదు. అయితే ఎమ్‌సీ ఇచ్చే డాక్టరు జ్వరానికే ఇవ్వాలని చట్టం అనలేదు. నిద్రలేమి, ఆందోళన, కుంగుబాటు పని చేయనివ్వని స్థితికి వస్తే అదీ సిక్ లీవే. ఆ స్థితికి రాకముందు తీసుకోవలసిన విశ్రాంతి మాత్రం సొంత లీవుల్లోంచే రావాలి.

ఇక్కడే తెలుగు కుటుంబాల లెక్క చిక్కుపడుతుంది. 11 పండుగ సెలవుల్లో దీపావళి ఉంది. ఉగాది, సంక్రాంతి, దసరా లేవు. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం లాంటి సంఘాలు ఉగాది వేడుకను తరచు దగ్గరి వారాంతానికి జరుపుతాయి. ఇంట్లో పచ్చడి చేసుకుని ఆ రోజే పండుగ చేసుకోవాలంటే ఒక లీవు ఖర్చు. పిల్లలు స్థానిక బడిలో చదువుతుంటే పెద్ద సెలవులు జూన్‌లోనూ, నవంబరు మూడోవారం నుంచి డిసెంబరు చివరిదాకానూ ఉంటాయి. సొంతూరి పెళ్ళిళ్ళు ఈ సెలవులను చూసి జరగవు. చాలా ఏళ్ళలో జూన్ చివర ఆషాఢం వచ్చేస్తుంది, డిసెంబరు మధ్య నుంచి ధనుర్మాసం. మాఘంలోనో వైశాఖంలోనో కుదిరిన ముహూర్తానికి మళ్ళీ వేరే లీవు పెట్టాలి. సింగపూర్ నుంచి హైదరాబాదుకు విమానంలో నాలుగు గంటల పైచిలుకే ప్రయాణం. దిగాక బ్యాంకు పని, పొలం కాగితాలు, అమ్మానాన్నల ఆస్పత్రి పరీక్షలు, రెండు వైపుల చుట్టాలిళ్ళు వరుసలో నిలబడి ఉంటాయి. లీవు పుస్తకంలో పది రోజులు తగ్గుతాయి. అందులో ఒంటికి, మనసుకు తీరిక చిక్కినవి ఎన్నన్నది వేరే లెక్క. ఊరు వెళ్ళడం అవసరం, సంతోషం కూడా. అయినా దాన్నే విశ్రాంతి ఖాతాలో రాసుకుంటే ఏడాది చివర ఆ ఖాతా ఖాళీగా కనిపిస్తుంది.

2020, 2021 ఈ చిక్కును తిరగేసి చూపించాయి. కరోనా కారణంగా సరిహద్దులు మూతపడి, ఊరు వెళితే తిరిగి రాగలమో లేదో తెలియని పరిస్థితి. ఊరికోసం దాచిన లీవులు దాచినట్టే ఉండిపోయాయి. వంటింటి బల్లమీదే ఆఫీసు, రాత్రి పది దాటినా మోగే ఫోను. వెళ్ళే చోటు లేనప్పుడు లీవు దేనికన్న ఆలోచన ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. 2020 నవంబరులో సింగపూర్ ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలిసి పనిచోట మానసిక ఆరోగ్యంపై సంయుక్త సలహాపత్రం వెలువరించాయి. పనివేళలు దాటాక ఉద్యోగికి విరామం దొరికేలా సంస్థలు కట్టుబాటు పెట్టుకోవాలన్నది అందులో ఒక సూచన.

లీవు మనసుకు నిజంగా మేలు చేస్తుందా అన్నదానిపై పరిశోధనలున్నాయి. యెసికా డె బ్లూమ్, ఆమె సహచరులు నెదర్లాండ్స్‌లో చేసిన పని వీటిలో పేరున్నది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి 2009లో వాళ్ళు తేల్చినది ఇదీ: సెలవు వల్ల ఆరోగ్యం, ఉత్సాహం మెరుగుపడతాయి, అయితే మేలు కొద్దిపాటిదే, పనిలో చేరిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆవిరైపోతుంది. సుమారు మూడు వారాల సెలవు మీద వెళ్ళినవాళ్ళను 2013లో పరిశీలిస్తే, ఎనిమిదో రోజు దాకా హాయి పెరుగుతూ పోయింది; తిరిగి పనిలోకి వచ్చిన మొదటి వారంలోనే పాత స్థాయికి దిగింది. విశ్రాంతిని ఒక్కసారిగా గాదెకెత్తి ఏడాది పొడుగునా తినడం కుదరదని దీని సారాంశం. పెద్ద సెలవు ఎంత అవసరమో, ఏడాది అంతటా చల్లిన చిన్న సెలవులూ అంతే అవసరం.

సెలవులో ఏం చేయాలన్న ప్రశ్నకూ జవాబుంది. సబీనె జోనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్స్ 2007లో ఒక కొలమానం తయారుచేసి, విశ్రాంతిని నాలుగు భాగాలుగా చూపారు. మొదటిది పని గురించిన ఆలోచన మనసులోంచి దిగిపోవడం. రెండోది ఒళ్ళు, మనసు తేలికపడటం. మూడోది పనితో సంబంధం లేని దేన్నైనా నేర్చుకుని పట్టు సాధించడం. ఈతైనా కావచ్చు, మృదంగమైనా కావచ్చు. నాలుగోది ఆ సమయాన్ని తన ఇష్టం వచ్చినట్టు గడిపే స్వేచ్ఛ. ఊరి ప్రయాణం చాలామందిని అలసటతో తిరిగి పంపడానికి కారణం ఈ నాలుగోదే. అక్కడి ప్రతి గంటా ఎవరో ఒకరికి ముందే ఇచ్చేసినదై ఉంటుంది. లీవులో ఉండి ఫోనులో ఆఫీసు సందేశాలకు జవాబిచ్చేవాళ్ళకు మొదటిదే దక్కదు.

పని నుంచి పూర్తిగా తెగిపోయే సెలవుకు సింగపూర్‌లో అనుకోని నమూనా బ్యాంకుల్లో దొరుకుతుంది. డబ్బు లావాదేవీల్లో కీలకమైన చోట్ల ఉన్నవాళ్ళు ఏడాదికోసారి వరుసగా కొన్ని పనిదినాలు తప్పనిసరిగా లీవు తీసుకోవాలి. దీన్ని బ్లాక్ లీవ్ అంటారు. ఆ రోజుల్లో ఉద్యోగి బ్యాంకు కంప్యూటర్లను తాకకూడదు, అతని పని ఇంకొకరు చేయాలి. దీని ఉద్దేశం ఆరోగ్యం కాదు, మోసాలను పసిగట్టడం. 1995లో సింగపూర్‌లో కూర్చున్న ఒక్క ట్రేడరు దాచిన నష్టాలతో బేరింగ్స్ బ్యాంకు కూలిన సంగతి ఆ రంగం మరచిపోలేదు. అయినా మంచి సెలవుకు కావలసిన రెండు షరతులు ఇందులో ఉన్నాయి. పని అందుకోవడానికి ఇంకో మనిషి సిద్ధంగా ఉంటాడు. ఫోను మోగదు. ఏ ఆఫీసైనా ఈ రెండూ ఏర్పరచగలిగితే లీవుకు విలువ వస్తుంది.

14 రోజుల లీవున్న ఉద్యోగి లెక్క ఇలా వేసుకోవచ్చు. ఊరి ప్రయాణానికి 8 పనిదినాలు తీసుకుంటే వారాంతాలతో కలిపి 12 రోజులవుతాయి. అందులో చివరి రెండు రోజులు సింగపూర్ తిరిగి వచ్చి ఇంట్లో గడపడానికి ఉంచుకుంటే, సోమవారం విమానాశ్రయం నుంచి ఆఫీసుకు పరుగెత్తే అవస్థ తప్పుతుంది. మిగిలిన 6 రోజుల్లో రెండు ఉగాదికి, సంక్రాంతికి పోగా, నాలుగు రోజులను మూడు నెలలకొకటి చొప్పున ఏ పనీ పెట్టుకోకుండా వాడుకోవచ్చు. వీలైతే వాటిని పండుగ సెలవుల పక్కన చేరిస్తే ఇంకా సాగుతాయి.

ఆ ఒక్క రోజు గడపడానికి విమానం ఎక్కనక్కర్లేదు. ఆంగ్ మో కియోకు, బిషాన్‌కు మధ్య 62 హెక్టార్ల ఉద్యానం ఉంది. ఒకప్పుడు దాని అంచున కల్లాంగ్ నది 2.7 కిలోమీటర్ల సిమెంటు కాలువలో తిన్నగా పారేది. 2012 నాటికి కాలువను తొలగించి, 3.2 కిలోమీటర్ల మెలికల నదిగా తిరిగి మలిచారు. గడ్డి గట్ల మీద పిల్లలు నీళ్ళ దాకా దిగుతారు, నీటికుక్కలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. పనిరోజున ఉదయం పదింటికి అక్కడ చెట్టుకింద కూర్చోవడం, ఆంగ్ మో కియో గ్రంథాలయంలో మధ్యాహ్నం గడపడం, ఈతకొలనులో గంట మునకలేయడం: పెద్దగా ఖర్చు లేనివి, పైన చెప్పిన నాలుగు భాగాలకూ సరిపోయేవి.

ఈ వెసులుబాటు అందరికీ ఒకే తీరున లేదు. పనివేళల నియమాలు నెలకు 4,500 సింగపూర్ డాలర్ల లోపు వచ్చే శారీరక శ్రామికులకు, 2,600 డాలర్ల లోపు వచ్చే ఇతర ఉద్యోగులకే వర్తిస్తాయి. వాళ్ళకు వారానికి 44 గంటల పని, ఒక రోజు విరామం, నెలకు 72 గంటలకు మించని ఓవర్‌టైము. యజమాని కోరిక మీద విరామం రోజున పూర్తిగా పనిచేస్తే రెండు రోజుల జీతం వస్తుంది. ఇంటి దగ్గరి అప్పు తీర్చవలసిన కూలీకి ఆ రెట్టింపు జీతాన్ని కాదనడం తేలిక కాదు. ఇళ్ళల్లో పనిచేసే విదేశీ మహిళలు ఉద్యోగ చట్టం పరిధిలోకే రారు. వాళ్ళకు వారానికో విరామం రోజు 2013 జనవరిలో వచ్చింది, కానీ దాన్ని డబ్బుకు మార్చుకోవడానికి వీలుండేది. 2023 జనవరి నుంచి నెలకు కనీసం ఒక్క రోజైనా డబ్బుకు మార్చకుండా ఇచ్చి తీరాలి. ఉద్యోగపు పాసు మీద ఉన్న విదేశీయులకు ఇంకో అడ్డు ఉంది. కొన్ని నెలలు పని మాని తేరుకుందామంటే, ఉద్యోగం వదిలి పాసు రద్దయ్యాక సాధారణంగా 30 రోజులే ఉండనిస్తారు. జీతం లేని లీవుకు యజమాని ఒప్పుకోవాలి. అందుకే ఉన్న కొద్ది లీవులను సకాలంలో వాడుకోవడం వాళ్ళకు మరీ ముఖ్యం.

లీవు చేయలేనివి కూడా ఉన్నాయి. మస్లాక్, మైకేల్ లైటర్ బర్న్‌అవుట్‌కు ఆరు మూలాలు చెప్పారు: పనిభారం, పని మీద అదుపు, గుర్తింపు, తోటివారితో సంబంధం, న్యాయం, విలువలు. ఇందులో లీవు కాస్త తగ్గించగలిగింది పనిభారాన్ని మాత్రమే, అదీ కొన్నాళ్ళకు. మిగతావి యాజమాన్యం చక్కదిద్దవలసినవి. వారానికి 55 గంటలు లేదా అంతకు మించిన పని పక్షవాతం ముప్పును 35 శాతం పెంచుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయి. అలాంటి పనివేళలుంటే 14 రోజుల లీవు ఏ మూలకూ చాలదు. సింగపూర్‌లో 2024 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పనివేళల్లోనో పనిచోటులోనో మార్పు కోరుతూ ఉద్యోగి రాతపూర్వకంగా అడిగితే యజమాని రెండు నెలల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. మానసిక సమస్య ఉందని తెలిస్తే ఉద్యోగానికి ఎసరు వస్తుందన్న భయమూ చాలామందిని సాయం కోరకుండా ఆపుతుంది. ఉద్యోగ దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడగకూడదని 2020లోనే సూచనలు వచ్చాయి. ఆ కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధించే పనిచోట న్యాయ చట్టాన్ని 2025 జనవరిలో పార్లమెంటు ఆమోదించింది.

సెలవు తీసుకుని వచ్చినా నిద్ర పట్టకపోవడం, ఇష్టమైనవాటి మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే అది బర్న్‌అవుట్ హద్దు దాటి ఉండవచ్చు. అప్పుడు ఆంగ్ మో కియో పాలీక్లినిక్‌లోని డాక్టరుతో మొదలుపెట్టవచ్చు. అవసరమైతే కొద్ది దూరంలో బువాంగ్‌కాక్ దగ్గరున్న మానసిక ఆరోగ్య సంస్థకు ఆయన పంపుతారు. మాట్లాడటానికి మనిషి కావాలంటే 1771 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది. ఆ దశలో లీవు చికిత్సకు సమయం సమకూరుస్తుంది. చికిత్స బదులు లీవు చాలనుకుంటే మాత్రం సమస్య ముదురుతుంది.