తీగకింది అయస్కాంతం

భరతముని నాట్యశాస్త్రంలో వాద్యాలను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు విధాలుగా విభజించాడు. తీగలు గలది తతవాద్యం. వీణ, వయొలిన్, మాండలిన్, గిటార్ ఈ కుటుంబానికి చెందినవే. విద్యుత్తుతో పలికే తీగవాద్యాలను కూడా ఇందులోనే చేర్చవచ్చునా అని సంప్రదాయజ్ఞులు కొందరు సందేహిస్తారు. 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో నకారం ప్రాణమనీ, దకారం అగ్ని అనీ, ఆ రెండింటి కలయికవల్ల నాదం పుడుతుందనీ వివరించాడు. విద్యుత్తును అగ్నికి రూపాంతరంగా భావిస్తే ఈ సందేహం చాలావరకు తొలగుతుంది.

వీణకు పనసకర్రతో తొలిచిన కుండ ఉంటుంది. తీగ కంపనం ఆ బోలులో ప్రతిధ్వనించి నాదమవుతుంది. విద్యుత్ గిటార్‌కు, విద్యుత్ మాండలిన్‌కు సాధారణంగా అటువంటి బోలు ఉండదు. అవి గట్టి చెక్కతో చేసినవి. తీగలకింద అమర్చిన ఒక చిన్న సాధనమే వాటికి కుండ వంటిది. దానిని పికప్ అంటారు. అయస్కాంతం చుట్టూ వెంట్రుకవలె సన్నని రాగితీగను వేలాది చుట్లు చుడితే పికప్ సిద్ధమవుతుంది. పైనున్న ఉక్కుతీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది, రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు జనిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. ఆ విద్యుత్తును యాంప్లిఫయర్ పెంచగా మనకు స్వరం వినిపిస్తుంది.

ఈ సాధనం విలువ ఆంధ్రదేశానికి తెలిసింది గిటార్ ద్వారా కంటె మాండలిన్ ద్వారానే అని చెప్పాలి. కొల్లేటికి తూర్పున గోదావరి డెల్టాలోని పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, కొల్లేటికి పడమట కృష్ణాజిల్లా గుడివాడలో 1978లో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేశాడు. అప్పటికి అతని వయసు తొమ్మిదేళ్ళు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, బాలుడు ఆ పాటను తీగలపై పలికించేవాడు. ఈ విషయం గమనింపదగినది. శిష్యుడు అనుసరించినది మరొక మాండలిన్‌ను కాదు, మనిషి గొంతును.

మాండలిన్ సహజంగా ఆ పనికి అనువైనది కాదు. దానికి నాలుగు జతలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి జీవమైన గమకం పలకాలంటే స్వరం కొంతసేపు నిలిచి ఉండాలి, నిలిచి ఉండగా కదలాలి. జతతీగలను సమానంగా లాగి గమకం పలికించడం అత్యంత కష్టం. శ్రీనివాస్ జతలను విడిచి ఐదు ఒంటితీగలు గల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టాడు. ఆరిపోబోయే స్వరాన్ని పికప్ ఆదుకొన్నది. 1998లో పద్మశ్రీ పొందిన ఆ కళాకారుడు 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్ళకే కన్నుమూశాడు. పరదేశపు వాద్యమని ఆక్షేపించేవారు బాలుస్వామి దీక్షితులు చేపట్టిన వయొలిన్‌ను మరువరాదు. విజయవాడ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న మంగళంపల్లి బాలమురళీకృష్ణ వయోలాను సైతం ఆదరించినవారే.

వాద్యంతోపాటు వచ్చిన పికప్ తృప్తినివ్వనప్పుడు దానిని మార్చుకొనే పద్ధతి 1970 దశకంలో అమెరికాలో బలపడింది. డిమార్జియో, సేమూర్ డంకన్ వంటి సంస్థలు పికప్‌లను విడిగా అమ్మసాగాయి. ఎన్నికలోనే చిక్కంతా ఉన్నది. అంగడిలో బలమైన పికప్‌ను గొప్పగా పొగుడుతారు. చుట్లు పెరిగితే ధ్వని పెరుగుతుంది, నిజమే. కాని తారస్థాయి మెరుగు తగ్గి స్వరం మొద్దుబారుతుంది. అల్యూమినియం, నికెల్, కోబాల్టుల మిశ్రమమైన ఆల్నికో అయస్కాంతం సాధారణంగా మృదువుగా పలుకుతుంది. సెరామిక్ అయస్కాంతం పదునుగా పలుకుతుంది. రాక్ సంగీతానికి వన్నె తెచ్చే పదును తోడి రాగానికి శత్రువు కావచ్చు.

ఒంటిచుట్ట పికప్‌లో కరెంటు సరఫరాలోని 50 ఆవృత్తుల రొద గుయ్యిమని చేరుతుంది. కల్యాణమండపాలలో, పందిళ్ళలో దీపాల తోరణాల నడుమ వాయించేవారికి ఈ బాధ బాగా తెలుసు. 1955లో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రూపొందించిన హంబకర్‌లో రెండు చుట్టలు ఎదురెదురు దిశలలో ఉండి రొదను పరస్పరం రద్దు చేస్తాయి, తీగ స్వరాన్ని మాత్రం కలుపుతాయి.

గమకం పలికించేవారు మరొకటి గమనించాలి. చాలా పికప్‌లలో ఒక్కొక్క తీగకింద ఒక్కొక్క అయస్కాంతపు బొడిపె ఉంటుంది. తీగను పక్కకు లాగినప్పుడు అది బొడిపెను దాటిపోతే స్వరం నీరసిస్తుంది. పట్టీవలె అడ్డంగా సాగిన అయస్కాంతం గల పికప్‌కు ఈ దోషం తక్కువ. ఆరు తీగల గిటార్ పికప్‌ను ఐదు తీగల మాండలిన్‌కు అమర్చదలచినవారికి బొడిపెలు తీగలకు సరిపడవు. వారికి కూడా పట్టీయే శరణ్యం. కంచు చుట్టిన తీగలకు అయస్కాంతం అంతగా స్పందించదు. కనుక ఉక్కు లేదా నికెల్ తీగలు వేయాలి.

అమర్చడం బ్రహ్మవిద్య కాదు. తీగలు సడలించి, పాత పికప్ వైర్లు ఎక్కడెక్కడ అతికి ఉన్నాయో కాగితంపై గీసుకొని, ఆ తరువాతే సోల్డరింగ్ ఇనుము పట్టాలి. వైర్ల రంగుల అర్థం ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క విధంగా ఉంటుంది. కొత్త పికప్‌తో వచ్చిన పటాన్ని చూడక అంచనాతో అతికించడం తగదు. రెండు పికప్‌లు కలిసినప్పుడు స్వరం పీలగా వినిపిస్తే ఒకదాని వైర్లు తారుమారైనట్లు గ్రహించాలి. అసలు మార్పునకు ముందే తీగలను, జాక్‌ను పరీక్షించడం మంచిది. డెల్టా తేమకు అవి త్వరగా తుప్పు పడతాయి, నింద మాత్రం పికప్‌పై పడుతుంది.

బిగించిన వెంటనే వేగంగా స్వరకల్పన చేసి మురిసిపోయేవారున్నారు. తోడిలోని గాంధారాన్ని విళంబంలో ఊపి చూడటం మేలు. ఊపులో స్వరం తెగకుండా చివరిదాకా వినిపించాలి. తీగ వణుకుతూ అపశ్రుతి పలికితే అయస్కాంతం దానిని లాగుతున్నదన్నమాట. అప్పుడు పక్క స్క్రూలను అరచుట్టు తిప్పి పికప్‌ను కిందికి దించి, ఆ గాంధారాన్నే మరల మీటాలి.