చలిమంట దగ్గర వేళ్ల లెక్క

రండి, ఆ గ్రీజు డబ్బా బోర్లించుకుని కూర్చోండి. జనవరి రాత్రి పదిన్నరకి బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఇంతకంటే మంచి కుర్చీ దొరకదు. సెక్యూరిటీ తాత ప్యాకింగ్ పెట్టెల చెక్కలు విరిచి మంట వేశాడు. సెకండ్ షిఫ్ట్ ఇప్పుడే వదిలింది. ఈ మంట చుట్టూ హిందూపురం ఉంది, మడకశిర ఉంది, కదిరి ఉంది. షెడ్డు లోపల కన్నడం మాట్లాడిన వాళ్లంతా గేటు దాటగానే తెలుగులోకి దిగిపోతారు.

నేను ఇక్కడ టైమ్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు కూర్చున్నవాణ్ణి. హాజరు పట్టీలు, ఈఎస్ఐ కాగితాలు, యాక్సిడెంట్ రిజిస్టరు అన్నీ నా చేతి మీదుగానే నడిచేవి. అందుకని ఈ పిల్లల లెక్కలో నేను పావు లాయర్ని. మిగతా ముప్పావు కావలసి వస్తే 15100కి ఫోన్ కొట్టమంటాను. న్యాయ సేవల వాళ్ల నంబరు అది. ఉచితంగా లాయర్ని ఎవరెవరికి ఇవ్వాలో 1987 నాటి చట్టం ఒక జాబితా రాసింది. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు, వాళ్ల పక్కనే పారిశ్రామిక కార్మికుడు. ఆదాయం ఎంతని అడగరు కూడా. పీణ్యలో సగం మందికి ఆ హక్కుంది, ఆ సంగతి తెలిసినవాణ్ణి మాత్రం నేనింకా చూడలేదు.

మొన్న ఒక గూడ్స్ ఆటో కుర్రాడొచ్చాడు. జాలహళ్లి క్రాస్ దగ్గర బైకుకి తగిలించాడట, అవతలాయన కాలు విరిగింది. “అన్నా, కేసు ఎంతకు పోతాది?” అన్నాడు, టమాటా రేటు అడిగినట్టు. మనవాళ్ల నోట్లో కేసంటే ఒకటే. నిజానికి ఒక్క దెబ్బకి రెండు కేసులు పుడతాయి, ఒకే కాన్పులో కవలల్లాగా. మొదటిది సర్కారుకీ నీకూ మధ్య. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి, నిర్లక్ష్యంగా నడిపినందుకు 281, ఎముక విరిగినందుకు 125. రెండూ బెయిలిచ్చే సెక్షన్లే, స్టేషన్లోనే జామీను అడగొచ్చు. మనిషి పోతే 106. పాత చట్టంలో రెండేళ్లు దాటని శిక్షని అయిదేళ్ల దాకా పెంచారు, అయినా అదీ బెయిలిచ్చేదే.

రెండో కేసు దెబ్బ తిన్నాయనది. ఆయన మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్తాడు. అక్కడ నీకు జైలు మాటే లేదు, లెక్కంతా డబ్బులదే. బండికి ఇన్సూరెన్సుండి, నీకు సరైన లైసెన్సుంటే కంపెనీ కడుతుంది. లేకపోతే ఆటో అమ్మినా తీరదు. ఇక “తప్పు ఒప్పేసుకుని ఫైన్ కట్టి బయటపడతా” అనే తెలివి మొదటి కేసులో పనికొచ్చినట్టే ఉంటుంది, రెండో కేసులో అదే కాగితం నీ ఎదురుగా సాక్ష్యమై నిలబడుతుంది. ఒప్పుకునే ముందు లాయరుతో ఒక్క మాట అనుకో నాయనా అన్నాను. దెబ్బ తిన్నాయన మా బంధువైతే ఆయనకీ ఒక మాట చెప్పేవాణ్ణి: 2022 ఏప్రిల్ నుంచి ఆ అర్జీకి ఆరు నెలల గడువు పెట్టారు, కట్టు విప్పేదాకా ఆగొద్దు అని.

సరే, రోడ్డు సంగతి పక్కన పెడదాం. పీణ్య అసలు బాధ రోడ్డు మీద కాదు, పవర్ ప్రెస్ కింద ఉంది.

2025 నవంబరు దాకా నడిచిన 1923 నాటి కార్మిక పరిహార చట్టం వెనకపేజీల్లో ఒక పట్టిక ఉంటుంది. ఎప్పుడైనా చదివి చూడండి, ఆ పూట అన్నం సయించదు. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. నడిమి వేలు 12. ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఎముక తగలకుండా చూపుడువేలి కొన మాత్రం తెగితే 5. లెక్క చూడండి: ముప్పై ఏళ్లవాడు, జీతం ఎంతైనా 15,000 దాకానే లెక్కలోకి తీసుకుంటారు, అందులో 60 శాతం 9,000, ముప్పై ఏళ్ల వయసుకి గుణకం 207.98. ఈ రెండూ హెచ్చవేసి అందులో 14 శాతం తీస్తే చూపుడువేలు ఖరీదు 2 లక్షల 62 వేల చిల్లర.

ఏకలవ్యుడు గుర్తొస్తాడు నాకు. ఆయన బొటనవేలు ఈ పట్టిక ప్రకారం 30 శాతమే. విలుకాడికి అది ముప్పయ్యా, నూరా? ఈ ప్రశ్న నిజంగానే సుప్రీంకోర్టుకి వెళ్లింది లెండి. ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతిపైన తీసేశారు. పోయింది ఒక చెయ్యే కదా, కొంత శాతమే ఇస్తామన్నాడు యజమాని. ఒంటిచేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు, సంపాదన నూటికి నూరూ పోయినట్టే అని 1975లో తేల్చారు. అందుకే డాక్టరు రాసే శాతం ఒకటి, నువ్వు చేసే పనికి తగిలే శాతం ఒకటి. రెండోదాన్ని అడగడం మరిచిపోకండి.

ఈఎస్ఐ బీమా ఉన్నవాడికి దారి వేరు. 21,000 లోపు జీతగాళ్లకి అది ఉండాలి. వాళ్లకి ఈ గంపగుత్త సొమ్ము రాదు. వైద్యం ఉచితం, పనికి పోలేని రోజులకి జీతంలో 90 శాతం, వేలు పోతే నెలనెలా పింఛను. చేరి ఎనిమిది రోజులే అయింది, ఇంకా నంబరు రాలేదు అంటారు ఓనర్లు. పనిలో తగిలిన దెబ్బకి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతేమీ లేదు, మొదటి రోజునుంచే వర్తిస్తుంది. నంబరు తీయకపోవడం వాళ్ల తప్పు, నీది కాదు.

అయితే ఈ లెక్కలన్నీ ఒక్క వాక్యం మీద నిలబడతాయండీ. రక్తం కారుతుండగా క్యాజువాల్టీలో “ఎట్లాయింది?” అని అడుగుతారే, దానికి చెప్పే జవాబు. కాంట్రాక్టరు వెంటే ఉంటాడు. “బైకు మీంచి పడ్డానని చెప్పు, ఖర్చంతా నేను చూసుకుంటా” అని చెవిలో ఊదుతాడు. ఆ రాత్రి బిల్లు కడతాడు కూడా, కాదనను. పదిహేను రోజుల తర్వాత ఫోనెత్తడు. ఆస్పత్రి రిజిస్టర్లో మాత్రం బైకు అలాగే ఉండిపోతుంది.

ఎవరినో అనడమెందుకు, నేనే రాశాను. చాలా ఏళ్ల కిందట, ఓనరు పక్కన నిలబడి ఉంటే, ఒక ఆపరేటర్ పేరు మీద “మెట్ల మీద జారిపడ్డాడు” అని నా చేత్తో నింపాను. ఆయన చూపుడువేలు ప్రెస్సులో పోయింది. మెట్ల మీద జారినవాడికి ఒక్క వేలే ఎలా తెగుతుందని ఎవరూ అడగలేదు. ఆయనా అడగలేదు.

ఇదిగో, మంట అవతల గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడే, ఆ మడకశిర పిల్లవాడు, వాడిది నాలుగు రోజుల కిందటి సంగతి. వాడూ బైకనే చెప్పి వచ్చాడు. “ఇంక మార్చేకి కాదా అన్నా?” అని ఇందాకటినుంచి నసుగుతున్నాడు. ఎందుకు కాదు? పక్క మిషను వాళ్లున్నారు, ఆటోలో ఎక్కించినవాడున్నాడు, పరిహారం అడగడానికి రెండేళ్ల గడువుంది. ఇప్పుడు నా కాలంలోలాగా పట్టీలు కూడా లేవు, గేటు దగ్గర వేలిముద్ర మిషనుంది. ఆ రోజు మధ్యాహ్నం లోపలికొచ్చిన పంచ్ అందులో ఉంటుంది, బయటికెళ్లిన పంచ్ ఉండదు. లోపలున్నవాడు రోడ్డు మీద బైకెలా నడిపాడో వాళ్లే చెప్పాలి.

“నువ్వు ఏ ఏలితో పంచ్ కొడ్తావురా?” అన్నాను.

వాడు గుడ్డ చుట్టిన చెయ్యి మంట వెలుగులోకి ఎత్తాడు.

“ఆ ఏలే అన్నా.”