మంచె మీద తుమ్మొస్తే

మీకు తుమ్ము ఆపుకోవడం వచ్చా? పోనీ దగ్గు? మెడ మీద చీమ పాకుతుంటే చెయ్యి కదపకుండా గంటసేపు కూచోగలరా? గురక మాటేమిటి? అది మాత్రం మీ ఇంట్లోవాళ్ళని అడిగి చెప్పండి, మీ మాట నేను నమ్మను. వీటిల్లో ఏ ఒక్కటి చాతకాకపోయినా మీరు మంచె మీద వేటకి పనికిరారు. ఏం పర్లేదు, నేనూ పనికిరాను. పైగా 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక, పనికొచ్చేవాళ్ళకి కూడా ఆ పని లేకుండా పోయింది. మంచిదే అయింది. కానీ వేట కథలు చదవడానికి ఏ చట్టం అడ్డొస్తుంది చెప్పండి?

ఆ కథలు రాసినవాళ్ళు రెండు రకాలు. గొప్పలు కొట్టేవాళ్ళు కొందరు, తిప్పలు చెప్పేవాళ్ళు కొందరు. నాకు తిప్పల వాళ్ళంటేనే ప్రాణం. పులి తలకాయ మీద కాలేసి ఫొటో దిగినవాడి దగ్గర మనకేం పని? చెట్టు మీద కాలు తిమ్మిరెక్కి, కింద పులి పచార్లు చేస్తుంటే గుడ్లు మిటకరించి కూచున్నవాడి దగ్గరే ఉంది సరుకంతా.

జిమ్ కార్బెట్‌నే తీసుకోండి. రుద్రప్రయాగలో నూట పాతికమందిని పొట్టన పెట్టుకున్న చిరుత ఒకటుండేది. అది అలకనంద వంతెన దాటి అటూ ఇటూ తిరుగుతోందని ఈయన వంతెన స్తంభం ఎక్కి కూచున్నాడు. చెట్టు కాదులెండి, అయినా తిప్పలు అవే. ఒకటీ రెండూ కాదు, 20 రాత్రులు. గాలి చూస్తే మనిషిని నదిలోకి తోసేసేలా ఉంది. చీమలు చూస్తే ఒళ్ళంతా పాకి తోలు కొరుక్కుతింటున్నాయి. ఇంత భాగోతం పడ్డాక వంతెన దాటిన జంతువేమిటంటారా? ఒక నక్క. ఆ 20 రాత్రుల్లోనూ ఒకే ఒక్క నక్క! చిరుత జాడే లేదు. ఇంకొకడైతే ఈ ముక్క పుస్తకంలోంచి కొట్టేసేవాడు. ఆయన మాత్రం సుబ్బరంగా రాసుకున్నాడు.

అసలు ఈ మంచె వేటలో కొన్ని కిటుకులున్నాయి, వినండి. పొద్దుండగానే ఎక్కాలి. చీకట్లో ఎక్కితే మీరు పులిని చూసేలోపు అదే మిమ్మల్ని చూస్తుంది. చాటుకి కట్టిన ఆకులు మర్నాటికి వాడిపోతాయి, మార్చకపోతే పచ్చటి చెట్టులో మీరొక్కరే ఎండిపోయి కనిపిస్తారు. వెంట వచ్చినవాళ్ళేమో మిమ్మల్ని ఎక్కించి, పెద్దగా మాట్లాడుకుంటూ వెళ్ళిపోవాలి. మనుషులంతా పోయారులే అని పులి అనుకోవాలన్నమాట. ఈ నాటకం నాకు భలే ఇష్టం. అడవిలో నిశ్శబ్దంగా ఉండాలంటారు కదా, ఇక్కడ మాత్రం ఎంత గోల చేస్తే అంత మంచిది!

పులికి పైనుంచి వచ్చే శత్రువు లేడు. అందుకని తలెత్తి చూసే అలవాటు తక్కువ. మంచె కిటుకంతా అందులోనే ఉంది. అలాగని చిరుత దగ్గర కూడా ఇదే ధీమాతో కూచున్నారో, అయిపోయారే! చెట్టంటే దానికి సొంతిల్లు.

ఈ సంగతి కార్బెట్‌కి తెలియక కాదు. 1910లో కుమావూఁ కొండల్లో పనార్ చిరుత కోసం ఒక ఓక్ చెట్టెక్కాడు. అది నాలుగొందల మందిని తిన్నదని సర్కారు లెక్క. చెట్టు నిటారుగా కూడా లేదు, ఒరిగిపోయి ఉంది. మనం ఎక్కినంత తేలిగ్గా చిరుతా ఎక్కొచ్చు. అందుకని తన వెనకాల కాండానికి ముళ్ళకొమ్మలు మోపులుగా తాళ్ళతో బిగించి కట్టించుకున్నాడు. చీకటి పడింది. చిరుత వచ్చింది. వచ్చి ఎదురుగా కట్టేసిన మేక జోలికి పోకుండా, నేరుగా చెట్టు దగ్గరికొచ్చి ఆ ముళ్ళకొమ్మల మొదళ్ళు నోట కరిచి లాగడం మొదలెట్టింది! వీపు వెనక ఎవరో ఒక్కొక్క కొమ్మే గుంజుతుంటే, వెనక్కి తిరగడానికి లేదు, కాల్చడానికి లేదు. మీరూ నేనూ అయితే చిరుతకి శ్రమ లేకుండా మనమే కిందపడి ఉండేవాళ్ళం. తాళ్ళు గట్టివి కాబట్టి సరిపోయింది. చివరికి అది విసుగెత్తి మేక మీదకి పోయింది, ఈయన తుపాకి కొసకి కట్టుకున్న తెల్లగుడ్డ ఆనవాలుతో చీకట్లోనే కాల్చాడు. దెబ్బతిన్న చిరుతని వెతకడానికి కాగడాలు పట్టుకుని ఊళ్ళోవాళ్ళు వెంట వచ్చారా, అది మీదికి దూకగానే అందరూ కాగడాలు పారేసి పరుగో పరుగు. కింద పడ్డ కాగడా వెలుతురులోనే దాన్ని చంపాడు. పారిపోయినవాళ్ళని ఏమనకండి. మనం ముందు వరసలో పారిపోయేవాళ్ళం.

టార్చిలైట్ల సంగతి మరీ ఘోరం. 1926 మే నెలలో ఆ రుద్రప్రయాగ చిరుత చచ్చింది మామిడిచెట్టు మీంచి పేలిన తుపాకికే. కింద మేక, మేక మెళ్ళో గంట. గంట మోగింది, ఈయన టార్చి నొక్కాడు, వెలుతురు సరిగ్గా చిరుత భుజం మీద పడింది, కాల్చాడు. అంతే, టార్చి ఆరిపోయింది. తగిలిందో లేదో తెలియదు, మేక బతికుందో లేదో తెలియదు, దిగడానికి లేదు. తెల్లవారుజాము దాకా చెట్టు మీద చీకట్లో గుడ్లప్పగించి కూచోవడమే. మన కరెంటు కూడా సీరియల్లో హత్య జరిగే నిమిషంలోనే పోతుంది కదా, ఆ టార్చీ అదే జాతి.

మేక బతికింది లెండి! దాన్ని అమ్మినవాడికే తిరిగి ఇచ్చేసి, మెళ్ళో ఇత్తడి పట్టీ కూడా వేయించారు. ఆ మేకని చూపించి యజమాని నాలుగు డబ్బులు కూడా సంపాదించుకున్నాడట.

ఇదంతా హిమాలయాల గోల, మనకేం అనకండి. బెంగుళూరు కెన్నెత్ ఆండర్సన్ మన వైపంతా తిరిగాడు. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ, తిరుపతి దగ్గర మామండూరు, నల్లమలలో రైలు వెళ్ళే చలమ, దిగువమెట్ట, ఇవన్నీ ఆయన పుస్తకాల్లో ఉన్నాయి. ఈసారి గిద్దలూరు వైపు రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి చూడండి. ఆయన మంచంతోనే మంచె కట్టించుకునేవాడు, కొమ్మల మధ్య బిగించి. పక్క మీద పడుకుని పులిని వేటాడిన మనిషంటే ఎంత దర్జా! కాకపోతే మంచంలో నల్లులుంటే మాత్రం పులి రాకముందే వేట మొదలవుతుంది.

మన జొన్నచేల మంచెలు వేరనుకోండి. అక్కడ పిట్టలకి వడిసెల, పందులకి డబ్బాల మోత. ఎంత గోల చేస్తే అంత కాపలా. తుమ్మొచ్చినా జమే!

అమెరికాలో ఇప్పటికీ జింకల వేటకి చెట్ల మీదే కూచుంటారు. అక్కడ జింక ఎవర్నీ ఏమీ చెయ్యదు గానీ చెట్టే చేస్తుంది. నడుం విరిగేది ఎక్కువగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూనే. అందుకని ఒంటికి పట్టీలు బిగించుకుని ఎక్కమంటారు, తుపాకిలో తూటా తీసేసి, కింద వదిలి, పైకెక్కాక తాడుతో లాక్కోమంటారు. పోనీ పట్టీ కాపాడింది కదా అని వేలాడుతూ ఉండిపోయినా ముప్పే. తొడల దగ్గర బిగుసుకుని రక్తం ఆడదు. కాలు ఆనించుకోవడానికి ఇంకో పట్టీ ఉండాలిట. పట్టీకి పట్టీ!

మన దగ్గరా మంచెలు పూర్తిగా పోలేదు. మహారాష్ట్ర అడవుల్లో బుద్ధ పూర్ణిమ రాత్రి మామూలు జనాన్ని మంచెలెక్కించి, నీళ్ళకొచ్చే జంతువుల్ని లెక్కపెట్టిస్తారు. తుపాకి లేదు, కాగితం, కలం అంతే. వెన్నెల ఉచితం. దోమలూ ఉచితమే.

ఇన్ని చెప్పాను గానీ నాకో పెద్ద అనుమానం మిగిలిపోయిందండీ. వీళ్ళు పొద్దుండగా ఎక్కుతారు, తెల్లారాక దిగుతారు. కదలకూడదు, మెదలకూడదు, చప్పుడసలే కూడదు. ఆండర్సన్ అయితే ఫ్లాస్కు నిండా టీ కూడా పట్టుకెళ్ళేవాడు. చీమల గురించి రాశారు, చలి గురించి రాశారు, టార్చి గురించి రాశారు. ఆ టీ అంతా తాగి తెల్లారేదాకా ఎలా ఉన్నారో మాత్రం నేను చదివినంతలో ఒక్కరంటే ఒక్కరు రాయలేదు. మీకెక్కడైనా కనిపిస్తే చెబుదురూ?