పండు ఇవ్వని చెయ్యి



మా సంఘంలో ఇంటర్ చదివే అబ్బాయి ఒక ఆదివారం నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆఫ్రికాలో మనుషులు కొండలెక్కి పోయి గొరిల్లాల కుటుంబం ముందు కూర్చుంటారట. అవి ఏమీ చెయ్యవట. మన నల్లమలలో అట్లా చూడలేమా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న నాలో ఒక పాత బాధను కదిలించింది.

చాలా సంవత్సరాల క్రితం మార్కాపురం నుండి సండే స్కూలు పిల్లలను వ్యానులో శ్రీశైలం డ్యాము చూపించడానికి తీసుకువెళ్లాను. దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కగానే కోతులు వరుసగా కూర్చొని ఉన్నాయి. వ్యాను ఆపించి నా చేతులతో నేనే అరటిపండ్లు విసిరాను. పిల్లలు కేరింతలు కొట్టారు. రోడ్డు అవతల పడిన పండు కోసం ఒక పిల్లకోతి పరుగెత్తింది. మలుపులో నుండి లారీ వచ్చింది. తల్లి దిగి వచ్చి, ఆ చిన్న శరీరాన్ని పొట్టకు అదుముకొని చెట్టెక్కింది. సాయంత్రం మేము తిరిగి వచ్చేటప్పుడు కూడా అక్కడే ఉంది. బిడ్డను వదలలేదు. వెళ్లేటప్పుడు పాటలతో మారుమోగిన వ్యానులో ఎవరూ నోరు విప్పలేదు. లారీ డ్రైవరును తిట్టుకున్నాను గాని, పండు విసిరిన చెయ్యి నాదేనని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

మొన్న ఫిబ్రవరిలో ఆ అబ్బాయిని వెంటబెట్టుకొని తుమ్మలబైలు వెళ్లాను. అక్కడ అటవీ శాఖవారి జీపులో అడవి చూపిస్తారు. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిని 1983లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మన రాష్ట్రంలోని భాగమే 3,000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మాతో వచ్చిన గైడు వయసు మళ్లిన చెంచు పెద్దమనిషి. జీపు ఆగిన చోట నుండి కొంత దూరం ఆయన వెనుక నడిచాము. ఎండుటాకులు మా కాళ్ల కింద గలగలమంటుంటే, ఆయన అడుగు మాత్రం వినిపించలేదు.

ఒక నల్లమద్ది చెట్టు మీద కొండముచ్చుల కుటుంబం కనబడింది. ఒక తల్లి బిడ్డ తలలో పేలు చూస్తోంది. రెండు పిల్లలు ఒకదాని తోక ఒకటి లాగుతున్నాయి. పైకొమ్మ మీద పెద్ద మగది కాపలా కూర్చుంది. అవి రాల్చిన చిగుళ్లను కింద దుప్పులు ఏరుకొని తింటున్నాయి. మమ్మల్ని ఒకసారి చూసి మళ్లీ తమ పనిలో పడ్డాయి.

అబ్బాయి జేబులో నుండి బిస్కెట్ పొట్లం తీశాడు. పెద్దాయన వాడి చెయ్యి మెల్లగా పట్టుకొని, "వద్దు నాయనా. దినమూ ఈ దారిన పోతుంటాం. వాటికి ఏమీ పెట్టం, రాయి విసరం. అందుకే మమ్మల్ని చూసి పారిపోవు, మా మీదికీ రావు. తిండి పెట్టావంటే రేపు రోడ్డు మీద కూర్చుంటాయి" అన్నాడు.

అంతలో పైనున్న మగది గట్టిగా అరిచింది. దుప్పులు తోకలెత్తి నిలబడ్డాయి. "పులో, చిరుతో కదిలింది" అని గుసగుసగా చెప్పి, పెద్దాయన మమ్మల్ని వెనుకకు నడిపించాడు. మాకు ఏదీ కనబడలేదు. అయినా గుండె చాలాసేపు కొట్టుకుంది.

ఇంటికి వస్తూ అబ్బాయి ప్రశ్నకు జవాబు చెప్పాను. ఉగాండా, రువాండా, కాంగో దేశాల కొండల్లోని గొరిల్లాలను కూడా తిండి చూపి మచ్చిక చేయరు. పనివారు రోజూ అదే కుటుంబం వెనుక రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం, ఓపికగా తిరుగుతారు. వీరివల్ల హాని లేదని అవి నమ్మేదాకా కాచుకుంటారు. తరువాత కూడా ఒక కుటుంబం దగ్గరకు రోజుకు ఎనిమిది మందిని, ఒక్క గంట మాత్రమే పంపుతారు. జలుబు, దగ్గు ఉన్నవారిని వెళ్లనివ్వరు, మన రోగం వాటికి అంటుతుంది గనుక. యుద్ధాలు, వేటగాళ్లు ఉన్నా, కావలివారి కష్టంవల్ల విరుంగా కొండల్లో 1981లో 254గా ఉన్న గొరిల్లాలు 2016 నాటికి 604 అయ్యాయి.

"అంటే అలవాటు రెండు రకాలు అయ్యగారూ" అన్నాడు వాడు. "ఒకటి నమ్మకం, ఒకటి ఆశ."

నేను ఇన్నేళ్లూ చెప్పుకోలేకపోయిన మాట వాడు చెప్పాడు.

ఘాట్ రోడ్డులో మా ముందు ఒక కారు ఆగింది. కిటికీలో నుండి ఒక చిన్నపాప అరటిపండు చాపుతోంది. నేను దిగి వెళ్లి, ఆ పాప తండ్రికి పిల్లకోతి సంగతి చెప్పాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నా, పాప చేతిలోని పండు ఒలిచి పాపకే తినిపించాడు. కోతులు కాసేపు చూసి చెట్లెక్కాయి.

శ్రీశైలం దారిలో వెళ్లే మా కుటుంబాలవారందరితో నా మనవి ఒక్కటే. కిటికీలో నుండి కళ్లారా చూడండి, పిల్లలకు చూపించండి. పండు మాత్రం పిల్లలకే పెట్టండి.