కదలునది క్షితిజమా, విమానమా?

మేఘములోనికి ప్రవేశించిన విమానచోదకునకు పైన ఆకాశము లేదు, క్రింద భూమి లేదు. అన్ని దిక్కులను ఒకటే తెల్లదనము. అప్పుడు మొదట అసత్యము పలుకునది అతని దేహమే. మన చెవి లోపల మూడు అర్ధవృత్తాకార నాళములు కలవు. వానిలోని ద్రవపు కదలికను బట్టి తల తిరుగుటను గ్రహింతుము. విమానము ఒక ప్రక్కకు ఒరిగి ఒకే వేగముతో తిరుగుచుండినచో, సుమారు 20 సెకన్లకు ఆ ద్రవమును నాళముతో సమముగా తిరుగజొచ్చును. తిరుగుచున్నామను స్పృహ నశించును. విమానమును సరిచేసినంతనే, తాను ఎదుటి దిశకు ఒరిగినట్లు చోదకునకు తోచును. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 20 మంది చోదకులను పరీక్షించిరి. వారికి యంత్రములను మాత్రమే చూచి నడుపుటలో శిక్షణ లేదు. బయటి దృశ్యము లేని స్థితిలో వారు విమానముపై అదుపు కోల్పోవుటకు సగటున పట్టిన కాలము 178 సెకన్లు.

ఈ ఆపదకు విరుగుడుగా పుట్టినదే కృత్రిమ క్షితిజ సూచిక. 1929 సెప్టెంబరు 24న లాంగ్ ఐలండులోని మిచెల్ ఫీల్డులో జిమ్మీ డూలిటిల్, తెర కప్పిన ఆసనమున కూర్చుండి, వెలుపలి ప్రపంచమును చూడకయే విమానమును పైకి లేపి, తిప్పి, మరల నేలపై దింపెను. అతని ముందున్న యంత్రములలో స్పెర్రీ నిర్మించిన క్షితిజ సూచిక ముఖ్యమైనది. పాత విమానముల పరికరములను సేకరించి బాగుచేయుట నాకు చిరకాలపు అభిరుచి. వేదాంతము చదువువానికి ఈ లోహఖండములతో ఏమి పని యని మిత్రులు అడుగుచుందురు. నా వద్దనున్న రెండు సూచికలను ప్రక్కప్రక్కన పెట్టి చూపుటయే నా సమాధానము.

మొదటిది అమెరికా పద్ధతిది. ఇందు విమాన చిహ్నము స్థిరము. దాని వెనుక క్షితిజరేఖ ఒరుగును. రెండవది సోవియట్ ఏజీబీ-3. మి-8 హెలికాప్టరులలో దీనిని వాడిరి. ఇందు ప్రక్కకు ఒరిగినప్పుడు క్షితిజము కదలదు. విమాన చిహ్నమే ఒరుగును. రెండును తెలుపు విషయము ఒక్కటే. ఒకటి లోపల కూర్చున్నవాని చూపు, మరియొకటి దూరమున నిలిచి చూచువాని చూపు.

భగవద్గీత నాలుగవ అధ్యాయము 18వ శ్లోకమునకు శంకర భగవత్పాదులు వ్రాసిన భాష్యము నాకు ఇచ్చట స్మరణకు వచ్చును. కదలుచున్న పడవలో కూర్చున్నవానికి తీరమున నిలిచిన చెట్లు ఎదురుగా పరుగెత్తుచున్నట్లు తోచును. అతిదూరమున నిజముగా కదలుచున్న వస్తువులు నిలిచియున్నట్లు తోచును. ఆత్మయందు లేని కర్మను ఆరోపించుట ఇట్టిదని వారి తాత్పర్యము. రెండు సూచికలలో ఏది సత్యమను ప్రశ్నకు తావు లేదు. అయినను వ్యవహారమున ఒకదానిని మరియొకదానిగా చదువరాదు. 2008 సెప్టెంబరు 14న రష్యాలోని పెర్మ్ నగరము చేరువ బోయింగ్ 737 విమానము కూలి 88 మంది మరణించిరి. సోవియట్ సూచికకు అలవాటుపడిన వారికి పాశ్చాత్య సూచిక తికమక కలిగించుటను దర్యాప్తు నివేదిక కారణములలో ఒకటిగా ఎత్తిచూపెను. పరమార్థమున భేదము లేదని వ్యవహారనియమములను తేలికగా చూచువారు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట నాకు చెవి వ్యాధి వలన తలతిరుగుడు పట్టుకొనెను. పడకపై ప్రక్కకు ఒత్తిగిలినంతనే గదియంతయు గిరగిర తిరిగెడిది. చెవిలోని సూక్ష్మ స్ఫటికములు చోటు తప్పి నాళములోనికి జారుటయే కారణమని వైద్యుడు చెప్పెను. గది తిరుగుట లేదని నాకు సందేహలేశము లేక తెలియును. తెలిసినను గది ఆగలేదు. ‘బాధితానువృత్తి’ అను మాటను గ్రంథములలో ఎన్నిమార్లో చదివియుంటిని: ఎండమావి నీరు కాదని తేలిన పిమ్మటను నీరువలెనే కనిపించుచుండుట. గోడ పట్టుకొని, తిరుగుచున్న గదిలో తిరుగని నేలపై అడుగు వేసిన ఆ రాత్రులలో ఆ మాట నాకు అనుభవమయ్యెను. చోదకుని స్థితియు ఇట్టిదే. సూచికను చూచిన పిమ్మటను అతని దేహము ఒరిగితిని, ఒరిగితిని అని అరచుచునే యుండును. ఆ అరుపు ఆగువరకు వేచియుండుటకు అతనికి వ్యవధి లేదు. ‘ఇన్నేండ్ల శ్రవణము తరువాతను జగత్తు సత్యమువలెనే తోచుచున్నది, నా సాధన వ్యర్థము’ అని కుంగిపోవు సాధకులను ఎరుగుదును. వారిని ఒక్కసారి నా పనిబల్ల యొద్దకు పిలువవలెనని అనిపించును.

ఈ యంత్రముల గర్భమున తిరుగు చక్రమునకు పై, క్రింద అనునవి తెలియవు. వేగముగా తిరుగుచు తన అక్షమును ఒకే దిశలో నిలుపుకొనును, అంతియే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుచుండును. బేరింగుల రాపిడియు తోడగును. అక్షము మెల్లగా నిలువు తప్పును. దీనిని దిద్దుటకు, గాలితో నడచు పాత సూచికలలో చక్రగృహపు అడుగున నాలుగు చిన్న లోలకములు వ్రేలాడును. అక్షము వాలినచో ఇవి గాలి వెడలు రంధ్రములను తెరచియు మూసియు, ఆ గాలి తోపుతోనే దానిని మరల నిలుపును. లోలకము ఒక్కటే యైనచో ప్రతి మలుపునందును మోసపోవును. చక్రము ఒక్కటే యైనచో కాలక్రమమున దారి తప్పును. ఇందు శాస్త్రమును, స్థిరచిత్తమును చూపవచ్చును గాని, ప్రతి మరకును ఒక వేదాంతార్థము తగిలించుట నాకు రుచింపదు.

అంకెలకు రేడియం రంగు పూసిన పాత డయళ్లను మాత్రము నేను విప్పను. రంగులోని జింక్ సల్ఫైడు కొన్ని దశాబ్దములలో చెడి వెలుగు ఆరిపోవును. రేడియం అర్ధాయువు సుమారు 1600 సంవత్సరములు. వెలుగు లేదు గనుక అపాయమును లేదని గీకబోవువారిని వారించుచుందును.

ఈ పనిని నాకు నేర్పినవారు బాలానగరులో విమాన పరికరముల మరమ్మతులలో జీవితము గడపిన ఒక పెద్దాయన. “బాబూ, తిరిగేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. గాలి ఆపినాక చెవి పెట్టి విను” అనెడివారు. గాలి నిలిపినను చక్రము చాలసేపు తిరుగును. కుమ్మరి చక్రమును ప్రారబ్ధమునకు దృష్టాంతముగా చెప్పిన ఆచార్యులు దీనిని చూచిన సంతోషించెడివారేమో. ధ్వని సన్నగా, ఎడతెగక తగ్గినచో బేరింగులు శుద్ధముగా ఉన్నట్లు. గరగరలాడినచో మరల విప్పవలసినదే. మొన్న శుభ్రపరచిన అమెరికా సూచిక గాలి నిలిపిన పిమ్మట తొమ్మిది నిమిషములు తిరిగెను. చివరి నిమిషమున క్షితిజము ఒక ప్రక్కకు ఒరుగజొచ్చెను. విమాన చిహ్నము ఉన్నచోటనే యుండెను.